పంచదార తగ్గితే పొంగే సీసా

వానలు పడే రోజుల్లో నిమ్మకాయ చవక. గూడూరు మార్కెట్లో బస్తా ధర పడిపోయిందని రైతు దిగులు పడే నెలలు ఉంటాయి. కాయ ఒక్కటి పది రూపాయలు పలికిన 2022 నాటి వేసవి లాంటివీ వస్తాయి. దాహం వేసే కాలంలో కాయ దొరకదు, కాయ దొరికే కాలంలో దాహం ఉండదు. పండ్ల రసంలో పంచదార కలిపి దాచుకుని, నీళ్ళు కలుపుకుని తాగే స్క్వాష్ సీసా పుట్టింది ఈ ఎడాన్ని పూడ్చడానికే. అందుకే దాన్ని పానీయాల్లో కంటే ఊరగాయల వరసలో పెట్టి చూడడం మంచిది. రుచి సంగతి తర్వాత, ముందు అది నిలవ ఉండాలి.

ఇంట్లో చేసిన సీసాలు చెడిపోయే తీరు దాదాపు అన్నిచోట్లా ఒకటే. మొదటి వారం బాగానే ఉంటుంది. రెండో వారంలో మూత తిప్పగానే సోడా సీసాలా చుయ్యిమంటుంది. అంచుల వెంట సన్నని నురగ, వాసనలో కల్లు పోలిక. మూత మరీ బిగుతుగా ఉంటే సీసా పగలడమూ ఉంది. ఏం జరిగిందని ఆరా తీస్తే, పదిసార్లలో ఎనిమిదిసార్లు తేలేది ఒకటే: ఎక్కడో చూసిన కొలతలో పంచదార మరీ ఎక్కువ అనిపించి సగానికి తగ్గించారు. మధుమేహం భయంతో చేసిన పనే అయినా, తగ్గించింది తీపిని మాత్రమే కాదు, సీసాకున్న కాపలాను కూడా.

తెలుగు వంటింటికి ఈ తర్కం కొత్తది కాదు. శ్రీరామనవమి నాడు బెల్లం, మిరియాలు, యాలకులు కలిపిన పానకాన్ని ఆ పూటకే తాగేస్తారు. మర్నాటికి దాచే ఆలోచన ఎవరికీ రాదు. అదే బెల్లాన్ని పాకం పట్టి చేసిన అరిసెలు వారాల తరబడి డబ్బాలో ఉంటాయి. పానకం, పాకం అనే మాటలు వినడానికి దగ్గరగా ఉన్నా చుట్టాలు కావు. ఒకటి తాగడానికి సంబంధించిన మాట, మరొకటి వండడానికి సంబంధించినది. నిలవ విషయంలోనూ వాటి మధ్య అంతే దూరం ఉంది. స్క్వాష్‌ను పానకంలా చేసి, అరిసెలా దాచాలనుకోవడం దగ్గరే పొరపాటంతా.

మన దేశంలో ఈ రకం పానీయాలకు చట్టం పేర్లు పెట్టి కొలతలు కట్టింది. 1955 నాటి పండ్ల ఉత్పత్తుల ఉత్తర్వులోనూ, ఆ తర్వాత వచ్చిన ఆహార భద్రతా నిబంధనల్లోనూ ఆ కొలతలు కనిపిస్తాయి. కార్డియల్, స్క్వాష్, క్రష్, పండ్ల సర్బత్తు అన్నింటిలోనూ పండు రసమో గుజ్జో కనీసం 25 శాతం ఉండాలి. తేడా కరిగి ఉన్న పదార్థంలో ఉంది, అందులో అత్యధిక భాగం చక్కెరే. కార్డియల్‌లో కనీసం 30 శాతం, స్క్వాష్‌లో 40, క్రష్‌లో 55, సర్బత్తులో 65. ఈ అంకెనే బ్రిక్స్ అంటారు. కార్డియల్‌కు ఇంకో గుర్తు కూడా ఉంది. రసంలోని గుజ్జు, నలుసులు పూర్తిగా పోయి అద్దంలా తేటగా ఉండాలి. తెల్లగా మబ్బు పట్టినట్టుంటే అది స్క్వాష్.

ఈ నాలుగు అంకెలను వరసగా చూస్తే ఒక విషయం బయటపడుతుంది. వీటిలో పంచదార బలంతోనే నిలబడగలిగింది, అదీ ఇంచుమించుగా, చివరిదైన 65 ఒక్కటే. ఎందుకంటే సూక్ష్మజీవికి కావలసింది నీరు. చక్కెర అణువులు నీటిని తమ చుట్టూ పట్టి ఉంచుతాయి కాబట్టి, సీసా నిండా నీరున్నా జీవికి అందేది తక్కువ. నూటికి 65 పాళ్ళు చక్కెర ఉన్నప్పుడు మామూలు బాక్టీరియా బతకలేదు, చాలా ఈస్ట్‌లు కూడా లొంగిపోతాయి. తీపికి అలవాటుపడిన కొన్ని మొండి ఈస్ట్‌లు, బూజులు మాత్రం అక్కడా ప్రయత్నిస్తాయి. 40 దగ్గరకు వచ్చేసరికి ఈస్ట్‌కు అది ఇబ్బంది కానే కాదు, విందు. అంటే దుకాణంలో కొన్న స్క్వాష్ ఏడాదిపాటు నిలిచి ఉంటోందంటే, పంచదారతో పాటు పులుపు, వేడి, సంరక్షకం (చెడిపోకుండా కలిపే పొడి) అనే మరో మూడు కాపలాలు కలిసి పనిచేస్తున్నాయన్నమాట. ఇంట్లో వేడిని, సంరక్షకాన్ని తీసేసి, పంచదారను సగం చేసి, ఫలితం మాత్రం అదే రావాలని కోరుకుంటారు.

చాలాకాలంగా వాడుకలో ఉన్న నిమ్మ స్క్వాష్ కొలత తీసుకుందాం: లీటరు రసం, లీటరు నీళ్ళు, రెండు కిలోల పంచదార. లీటరు రసానికి ఓ మాదిరి కాయలు 40 నుంచి 50 దాకా పడతాయి. మొత్తం తూకం నాలుగు కిలోల పైచిలుకు. రసంలో సహజంగా కరిగి ఉండే పదార్థాన్ని కలుపుకుంటే బ్రిక్స్ 52 దాకా వస్తుంది. రసం వాటా సరిగ్గా నాలుగో వంతు. చట్టం అడిగే 40 కంటే ఇది చిక్కన, సొంతంగా నిలవడానికి కావలసిన 65 కంటే పలచన. పంచదారను కిలోకు తగ్గిస్తే బ్రిక్స్ 36కు పడిపోతుంది, అది స్క్వాష్ గీత కిందకు పోయినట్టే. అరకిలోకు తగ్గిస్తే 23. ఆ తీపితో ఉన్న రసాన్ని గది వేడిలో మూత పెట్టి ఉంచడమంటే, తెలియకుండానే సారా కాచేవాడి మొదటి అంచె పని చేసిపెట్టడమే.

ఇక్కడ పులుపు గురించి ఒక అపోహ ఉంది. నిమ్మరసమంత పుల్లనిదాంట్లో ఏ పురుగూ బతకదని అనుకుంటారు. బాక్టీరియా విషయంలో అది చాలావరకు నిజం. ఈస్ట్‌లకూ బూజులకూ పులుపంటే లెక్కలేదు, పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) మూడు కంటే తక్కువలోనూ అవి హాయిగా పెరుగుతాయి. పులుపు వల్ల కలిగే అసలు మేలు వేరు. నేలలో ఉండే క్లాస్ట్రిడియం బొట్యులినం అనే బాక్టీరియా, గాలి చొరని సీసాలో పెరిగితే ప్రాణాంతకమైన విషాన్ని తయారుచేస్తుంది. దాని బీజాలు మరిగే నీటిలోనూ చావవు. వాటిని చంపాలంటే ఆవిరి ఒత్తిడిలో 121 డిగ్రీల వేడి కావాలి. అయితే పీహెచ్ 4.6 కంటే తక్కువగా ఉంటే ఆ బీజాలు మొలకెత్తలేవు. నిమ్మ పీహెచ్ రెండు, రెండున్నర మధ్య ఉంటుంది. పచ్చిమామిడి, చింతపండు, ద్రాక్ష, నేరేడు, అనాస కూడా ఆ గీతకు ఇవతలే ఉంటాయి. అందుకే పుల్లని పండ్ల సీసా చెడితే పులుస్తుంది, పొంగుతుంది, కంపు కొట్టి తన సంగతి తానే చెబుతుంది. దాన్ని పారబోస్తే నష్టం రెండు కిలోల పంచదారే.

కూరగాయల కథ అలా ఉండదు. క్యారట్ పీహెచ్ ఆరుకు అటూ ఇటూ, బీట్‌రూట్‌ది కూడా ఐదుకు పైనే. పండని పేరున్నా పుచ్చకాయ కూడా ఈ గుంపులోదే. పైగా క్యారట్, బీట్‌రూట్ మట్టిలో పెరిగే దుంపలు, మట్టిలోనే ఆ బీజాలుంటాయి. 2006లో అమెరికా, కెనడాల్లో సీసా క్యారట్ రసం తాగిన కొందరు బొట్యులిజంతో పక్షవాతానికి గురయ్యారు. అది వేడిచేసి శుద్ధి చేసిన, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రసమే. చల్లగా ఉంచాల్సిన సీసా వెచ్చగా ఉండిపోతే, ఆ బీజాలను ఆపడానికి దానిలో పులుపు లేదు, చిక్కని చక్కెర లేదు, సంరక్షకమూ లేదు. ఇలాంటి రసం పాడైనప్పుడు నురగ, వాసన, రంగు మార్పు కనిపించి తీరాలని లేదు. ముక్కును నమ్ముకుని నిర్ణయించే అలవాటు పండ్ల సీసాలకు పనికొస్తుంది, కూరగాయల సీసాలకు పనికిరాదు.

అలాగని కూరగాయలతో స్క్వాష్ వద్దనుకోనక్కరలేదు. కొలతలో వాటి చోటు మార్చుకుంటే చాలు. కూరగాయ రసం నీటికి బదులు రావాలి, నిమ్మరసానికి బదులు కాదు. పై కొలతలో లీటరు నీటిలో పావులీటరు తీసేసి, ఆ స్థానంలో పావులీటరు బీట్‌రూట్ ఉడికించిన నీళ్ళు పోస్తే, లీటరు నిమ్మరసం ముందు దాని చప్పదనం ఎందుకూ కొరగాదు. రంగు వస్తుంది, మట్టి వాసన నిమ్మ కింద అణిగిపోతుంది, పులుపు ఎక్కడిదక్కడే ఉంటుంది. దీన్ని తలకిందులు చేసి, లీటరు బీట్‌రూట్ రసంలో రెండు నిమ్మకాయలు పిండి పాకం కలిపే పద్ధతులు కూడా ప్రచారంలో ఉన్నాయి. వాటిని ఫ్రిజ్‌లో పెట్టి రెండు మూడు రోజుల్లో తాగేసే సంగతైతే అభ్యంతరం లేదు. పీహెచ్ కొలిచే సాధనం చేతిలో లేకుండా అలమరలో నిలవ పెట్టడం మాత్రం ప్రమాదంతో ఆట.

అల్లానిది ఇంకో పేచీ. రుబ్బి పిండిన అల్లం రసాన్ని ఒక గంట కదపకుండా ఉంచితే గిన్నె అడుగున తెల్లటి గంజిపొడి పేరుకుంటుంది. పైనున్న తేట మాత్రమే వంచుకోవాలి. అది తెలియక మొత్తం పోసేస్తే సీసాలో మడ్డి దిగి, వేడి చేసినప్పుడు చిక్కబడి జావలా తయారవుతుంది. క్యారట్ రంగు నీటిలో కరిగేది కాదు కనుక రెండో రోజుకే పొర విడిపోతుంది. చిక్కని పాకంలో గుజ్జు అడుగుకు దిగకుండా పైకి తేలడం చూసి చాలామంది చెడిపోయిందనుకుంటారు. పాకం గుజ్జు కంటే బరువు కనుక అలా తేలుతుంది, ఊపితే కలిసిపోతుంది. ఇక పుదీనా, కీరదోస కలిపినవి మొదట లేత పచ్చగా మురిపిస్తాయి, పులుపు తగిలిన కొన్నాళ్ళకు ఎండుటాకు రంగుకు తిరుగుతాయి. పత్రహరితం గుణమే అంత. దుకాణాల్లో మెరిసే ఆకుపచ్చ వట్టివేళ్ళ సర్బత్తు రంగు వేళ్ళలోంచి వచ్చినది కాదని వట్టివేరును ఒక్కసారి నీళ్ళలో నానబెట్టి చూసినవారికి వేరే చెప్పక్కరలేదు.

పులుపు లేని సరుకును నిలవ పెట్టడానికి రాయలసీమ ఎప్పుడో కనిపెట్టిన దారి నన్నారి. వేసవిలో కర్నూలు, కడప, అనంతపురం వీధుల్లో నన్నారి బండి లేని కూడలి తక్కువ. సుగంధిపాల వేళ్ళను గాని, నల్లమల, శేషాచలం కొండల్లో దొరికే మారెడు కొమ్ములను గాని దంచి, లోపలి పుల్లను తీసేసి, పైబెరడును రాత్రంతా నానబెట్టి, ఆ కషాయంతో పాకం కడతారు. రెండు మొక్కలూ వేరైనా సువాసనను ఇచ్చే పదార్థం ఒకటే, వెనిలా వాసననిచ్చే వెనిలిన్‌కు అన్నదమ్ముల వరస. ఆవిరితో పాటు ఎగిరిపోయే గుణం ఉంది కాబట్టి వేళ్ళను గంటల కొద్దీ మరిగిస్తే వీధంతా ఘుమఘుమలాడుతుంది గాని గిన్నెలో ఏమీ మిగలదు. నానబెట్టిన నీటిని విడిగా ఉంచి పాకం దాదాపు దిగే సమయానికి కలిపేవారి సర్బత్తుకు వాసన నిలుస్తుంది.

నన్నారిలో పులుపు లేదు. మరి నెలల తరబడి ఎలా నిలుస్తోంది? పాకాన్ని తేనెలా చిక్కబరచి, 65 దాటించి పెట్టడం వల్ల. నిమ్మకాయ సీసాలోకి రాదు, బండి దగ్గర గ్లాసులోకి వస్తుంది. బండివాడు రెండు గరిటెల పాకం పోసి, నిమ్మచెక్క పిండి, నానిన సబ్జా గింజలు వేసి, చల్లటి నీళ్ళో సోడానో కొడతాడు. నిలవకు పంచదార, రుచికి పులుపు అని రెండు పనులను రెండు చోట్లకు విడదీసిన ఈ ఏర్పాటు, చప్పటి దినుసులన్నింటికీ పనికొచ్చే మూసే. గిరిజన సహకార సంస్థ అమ్మే నన్నారి, మారేడు (బిల్వ) సర్బత్తులు కూడా ఈ తీరులోనివే. పోతే, మారెడు కొమ్ముల కోసం మొక్కను వేళ్ళతో పెకలించడం వల్ల అడవిలో అది అరుదైపోతోంది. ఆ సీసాల వెనుక తీగల చావు ఉందన్నది ఈ సర్బత్తు గురించి మురిసిపోయే రాతల్లో అంతగా కనిపించదు.

తయారీలో జరిగే పొరపాట్లు చాలావరకు తొందర వల్లే. పాకం పొయ్యి మీద ఉండగానే నిమ్మరసం పోసేస్తే ఉడుకు వాసన పడుతుంది. పంచదార, నీళ్ళు మరిగించి, పైకి తేలిన మలినాల తెట్టు తీసేసి, గుడ్డలో వడకట్టి, బాగా చల్లారాక రసం కలపాలి. మరిగేటప్పుడు మాత్రం అర చెంచా నిమ్మరసం వెయ్యడంలో అర్థం ఉంది. పులుపు, వేడి కలిసి కొంత పంచదారను గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడగొడతాయి, దాంతో చిక్కని పాకం సీసా అడుగున పలుకులు కట్టదు. జాంగ్రీ పాకంలో మిఠాయివాళ్ళు నిమ్మ పిండేది కూడా ఇందుకే. నిమ్మకాయను చెక్కతో సహా గట్టిగా నలిపి, గింజలు నలిగేదాకా పిండితే చేదు దిగుతుంది. బత్తాయి ఇంకా మాయలమారి. పిండిన గంటలో తియ్యగానే ఉన్న రసం వేడి తగిలాకో, మర్నాటికో చేదెక్కుతుంది. గింజల్లో, తెల్లపొరలో రుచి తెలియకుండా ఉన్న పదార్థం రసంలోని పులుపు తగిలి లిమోనిన్ అనే చేదు పదార్థంగా మారడం దీనికి కారణం. అందుకే బత్తాయి స్క్వాష్ ఇళ్ళలో అరుదు, చేసినా మెచ్చుకున్నవారు ఇంకా అరుదు. పాత్రల విషయంలో స్టీలు మంచిది. కళాయి లేని ఇత్తడి, రాగి గిన్నెల్లో పుల్లని రసం ఉంచకూడదన్నది చింతపండు పులుసు కాచిన ప్రతి ఇంటికీ తెలుసు.

తేటగా ఉండే కార్డియల్‌కు ఓపిక ఇంకా కావాలి. వడకట్టిన నిమ్మరసాన్ని సంరక్షకం కలిపి కొన్ని వారాలు కదపకుండా ఉంచితే మడ్డి అంతా అడుగుకు దిగుతుంది. పైతేటను గొట్టంతో లాగి పాకంలో కలుపుతారు. ఈ పద్ధతికి ఓడల చరిత్ర ఉంది. స్కాట్లాండులోని లీత్ రేవులో ఓడలకు సరుకులిచ్చే లాక్లన్ రోజ్ అనే వర్తకుడు, సారాయి కలపకుండా నిమ్మరసాన్ని నిలవ చేసే పద్ధతికి 1867లో పేటెంటు తీసుకున్నాడు. నావికులకు విటమిన్ సి లోపంతో వచ్చే స్కర్వీ రాకుండా నిమ్మరసం ఇవ్వాలని బ్రిటిష్ చట్టం వచ్చిందీ ఆ ఏడాదే. అతను నమ్ముకున్నది గంధకం నుంచి వచ్చే సల్ఫర్ డయాక్సైడు. నేటి కె.ఎం.ఎస్. పొడిలోంచి వచ్చేదీ అదే వాయువు.

పొటాషియం మెటాబైసల్ఫైట్ అనే ఈ పొడి పేరు వినగానే రసాయనమని మొహం తిప్పుకునేవారు, కంటి కొలతతో చెంచాడు పోసేవారు అని ఇళ్ళు రెండు రకాలు. రెంటిలో రెండోదే ఎక్కువ చెరుపు. స్క్వాష్‌లో ఈ వాయువుకు ఉన్న పరిమితి 350 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ళలో 350 పాళ్ళు. పొడి బరువులో సగానికి కాస్త ఎక్కువే వాయువుగా మారుతుంది కనుక కిలో స్క్వాష్‌కు 0.6 గ్రాములు చాలు. పై కొలతలోని నాలుగు కిలోలకు 2.4 గ్రాములకు మించకూడదు. చిన్న త్రాసు లేకపోతే ఈ జోలికి పోకపోవడమే నయం. చల్లారిన స్క్వాష్‌లో చెంచాడు నీళ్ళతో కరిగించి చివరగా కలపాలి, వేడిలో వేస్తే వాయువు ఎగిరిపోతుంది. ఉబ్బసం ఉన్న కొందరికి ఇది ఆయాసం తెప్పిస్తుంది, అలాంటి ఇంట్లో అసలు వాడకూడదు. నేరేడు, నల్లద్రాక్ష, దానిమ్మ, మందార పూల సర్బత్తుల్లో వేస్తే ఎర్రరంగు వెలవెలబోతుంది. వాటికి సోడియం బెంజోయేట్ వాడతారు, పరిమితి 600 పీపీఎం.

సంరక్షకం వద్దనుకుంటే ఆ లోటును వేడి తీర్చాలి. స్క్వాష్‌ను 85 డిగ్రీల దాకా, అంటే మరగకముందే అంచున చిన్న బుడగలు లేచేదాకా వేడిచేసి, మరిగే నీళ్ళలో పది నిమిషాలు ఉడికించిన గాజు సీసాల్లో వేడిగానే పోసి, మెడ దగ్గర రెండు వేళ్ళ జాగా వదిలి, మూత బిగించాలి. రుచి కొంత తగ్గుతుంది, తప్పదు. నింపేటప్పుడు సీసా తడిగా, చల్లగా ఉంటే గాజు చిట్లుతుంది. పెద్ద సీసా ఒకటి కంటే చిన్నవి నాలుగు నయం, ఎందుకంటే మూత తీసిన క్షణం నుంచి గాలిలోని ఈస్ట్ లోపలికి వస్తుంది. ఆ తర్వాత దాని చోటు ఫ్రిజ్, గడువు నెల. ఇరుగుపొరుగుకు ఇవ్వడం దాటి అమ్మకానికి దిగితే ఆహార భద్రతా సంస్థ దగ్గర నమోదు అవసరం. ఇంట్లో చేసిందే కదా అన్న మాట అక్కడ చెల్లదు.

ఇంత చేశాక మొదట్లో చెప్పిన మధుమేహం భయం మళ్ళీ ఎదురవుతుంది. నాలుగో వంతు స్క్వాష్, మూడు వంతుల నీళ్ళు కలిపిన 200 మిల్లీలీటర్ల గ్లాసులో పంచదార 30 గ్రాముల పైనే ఉంటుంది. రోజుకు 50 గ్రాములు దాటకూడదని, వీలైతే 25లో ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. అంటే ఒక్క గ్లాసుతోనే రెండో గీత దాటినట్టు. అతిథికి ఇచ్చే గ్లాసుగా సరే. పిల్లలు రోజుకు మూడుసార్లు తాగేదైతే సీసా మీద ఇంట్లో చేసింది అని రాసి ఉండడం వల్ల ఒరిగేదేమీ లేదు.

తీపి తగ్గించాలనుకునేవారు సీసాను వదిలి ఫ్రీజర్ తలుపు తియ్యాలి. వడకట్టిన నిమ్మరసాన్ని ఏమీ కలపకుండా మంచు ట్రేలో పోసి గడ్డకట్టించి, ముక్కలను సంచిలో వేసి మూతి కట్టేస్తే, పంచదార కాపలా లేకుండానే నెలలు గడుస్తాయి. అక్కడ ఆ పని చలి చేస్తుంది. బీట్‌రూట్ నీళ్ళను, అల్లం తేటను కూడా ఇలాగే విడివిడిగా గడ్డకట్టించవచ్చు, పీహెచ్ లెక్క అడ్డురాదు. ఏప్రిల్ మధ్యాహ్నం బయటినుంచి వచ్చినవారి గ్లాసులో నిమ్మ ముక్కలు రెండు, అల్లం ముక్క ఒకటి, చిటికెడు ఉప్పు వేసి నీళ్ళు పోస్తే, పంచదార ఎంత వెయ్యాలో అడిగి వెయ్యవచ్చు.